స్మాష్‌లో పవర్ లేదని సింగిల్స్ మానిపించాలా? ఆన్ సె యంగ్ కెరీర్ చూసి చెబుతున్నాను

మీ పాపకి పదమూడేళ్లు, కోర్టంతా బాగా తిరుగుతుంది కానీ స్మాష్‌లో, అంటే పైనుంచి కిందికి గట్టిగా కొట్టే షాట్‌లో, పవర్ లేదు, అందుకని డబుల్స్‌కి మార్చమంటున్నారు, ఏం చేయాలి అని అడిగారు. కొరియా అమ్మాయి ఆన్ సె యంగ్ కూడా స్మాష్ మీద బతికే ప్లేయర్ కాదు కదా అని మీరే అన్నారు. నేను విజయవాడలో చాలాకాలంగా పిల్లలకి షటిల్ నేర్పుతున్నాను. ఆన్ ఆటని 2019 నుంచి వదలకుండా చూస్తున్నాను. ఇప్పుడే మార్చకండి అనే చెబుతాను.

ఆన్ 2002లో పుట్టింది. నాన్న బాక్సర్, అమ్మ జిమ్నాస్ట్. వాళ్లు సరదాగా షటిల్ ఆడే క్లబ్‌కి వెంట వెళ్లి, ఒకటో తరగతిలో రాకెట్ పట్టుకుంది. మన దగ్గర పొద్దున్నే ఇండోర్ కోర్టుకి వచ్చే పెద్దవాళ్ల వెనక పిల్లలు వచ్చినట్టే. 2017 చివర్లో సెలక్షన్ ట్రయల్స్‌లో తనకంటే పెద్దవాళ్లని ఓడించి, ఇంకా స్కూల్లో ఉండగానే నేషనల్ టీమ్‌లోకి వచ్చింది.

ఇక్కడిదాకా విని పుట్టుకతోనే ఛాంపియన్ అనుకుంటారు. కానీ 2018 ఆసియా క్రీడల్లో మొదటి రౌండ్‌లోనే చైనా అమ్మాయి చెన్ యుఫీ చేతిలో ఓడిపోయింది. 2019లో న్యూజిలాండ్ ఓపెన్, ఫ్రెంచ్ ఓపెన్ గెలిచింది. అదే ఏడాది డెన్మార్క్ ఓపెన్‌లో, అప్పుడే వరల్డ్ ఛాంపియన్ అయిన మన సింధుని రెండు గేముల్లో ఓడించింది. అప్పటికి ఆమెకి పదిహేడేళ్లు. నేను ఆమెని మొదటిసారి శ్రద్ధగా చూసింది ఆ మ్యాచ్‌లోనే. సింధు హైట్‌కి, ఆ పవర్‌కి ఈ పిల్ల ఎక్కడ ఆగుతుందిలే అనుకుంటూ కూర్చున్నాను. షటిల్ కింద పడితే కదా!

అంత ఆడినా టోక్యో ఒలింపిక్స్ క్వార్టర్స్‌లో మళ్లీ అదే చెన్ యుఫీ, మళ్లీ ఓటమి. 18-21, 19-21. ఒక్కరోజు కూడా సెలవు తీసుకోకుండా ప్రిపేర్ అయ్యాననీ, అదీ చాల్లేదంటే ఇంకా ఎక్కువ చేయాలనీ ఆన్ ఏడుస్తూ చెప్పింది.

ఆ తర్వాత ఆమె ఏం చేసిందన్నదే మీ ప్రశ్నకి అసలు జవాబు. అవతలివాళ్ల స్మాష్ తన దగ్గర పనిచేయకుండా చేసుకుంది. 2023 జనవరిలో ఢిల్లీలో ఇండియా ఓపెన్ ఫైనల్ నేను స్టాండ్స్‌లో కూర్చుని చూశాను. ఎదురుగా జపాన్ ప్లేయర్ అకానె యమగూచి. టీవీలో మన చూపు షటిల్ వెంటే పోతుంది, అక్కడ మాత్రం నేను ఆన్ కాళ్లనే చూస్తూ ఉండిపోయాను. ముందుకి పెద్ద లంజ్ వేసి, అంటే ఒక కాలు బాగా ముందుకి చాచి మోకాలు వంచి, నెట్ దగ్గర షటిల్ తీస్తుంది, వెంటనే వెనక్కి తోసుకుంటుంది. యమగూచి కొట్టే సమయానికి కోర్టు మధ్యలో, మడమలు కొంచెం లేపి, రెడీగా ఉంటుంది. పరుగు కనబడదు, అడుగుల చప్పుడు కూడా తక్కువే. స్మాష్ వస్తే దాన్ని నెట్ మీదుగా ఊరికే దాటించదు, అవతలి కోర్టు చివరి గీత, బేస్‌లైన్ దాకా పంపుతుంది. అంటే కొట్టినవాళ్లే మళ్లీ వెనక్కి పరిగెత్తాలి. మొదటి గేమ్ 15-21తో పోయింది. తర్వాత 21-16, 21-12. ఆన్ మ్యాచ్‌లు చాలావరకు ఇలాగే నడుస్తాయి. మొదటి గేమ్ పోయినా టెన్షన్ పడదు, మూడో గేమ్‌కి అవతలివాళ్ల కాళ్లు బరువెక్కుతాయి.

ఆ ఏడాదే చెన్ యుఫీ మీద ఆల్ ఇంగ్లండ్ ఫైనల్ గెలిచింది. కోపెన్‌హేగన్‌లో స్పెయిన్ ప్లేయర్ కరోలినా మారిన్‌ని ఓడించి కొరియాకి సింగిల్స్‌లో తొలి వరల్డ్ ఛాంపియన్ అయింది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్లో ఎదురైంది మళ్లీ చెన్ యుఫీయే. మొదటి గేమ్‌లోనే ఆన్ కుడి మోకాలికి దెబ్బ తగిలింది. స్టాండ్స్‌లోంచి వాళ్లమ్మ ఆపేయమని అరిచింది. ఆమె ఆపలేదు, మూడో గేమ్ 21-8తో గెలిచింది. 2024 పారిస్‌లో క్వార్టర్స్‌లో, సెమీస్‌లో రెండిట్లోనూ మొదటి గేమ్ ఓడి, ఫైనల్లో చైనా ప్లేయర్ హె బింగ్జియావోని 21-13, 21-16తో ఓడించి గోల్డ్ కొట్టింది. 1996లో బాంగ్ సూ హ్యూన్ తర్వాత ఒలింపిక్ సింగిల్స్‌లో కొరియాకి అదే గోల్డ్. 2025లో పదకొండు టైటిళ్లు గెలిచి, 2019లో ఒకే సీజన్‌లో పదకొండు గెలిచిన జపాన్ ప్లేయర్ మొమోటా రికార్డుని అందుకుంది.

మోకాలి సంగతి మాత్రం తల్లిదండ్రులుగా మీరు బాగా ఆలోచించాలి. పారిస్‌లో మెడల్ మెడలో ఉండగానే, తన గాయాన్ని టీమ్ తేలిగ్గా తీసుకుందని ఆన్ బయటికే చెప్పింది. కొరియాలో ప్రభుత్వమే విచారణ వేసింది. గెలిచిన రోజే ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో అకాడమీల్లో పెరిగిన పిల్లలకి తెలుస్తుంది. ఆ ధైర్యం నాకు ఆమె గోల్డ్ కంటే తక్కువగా అనిపించదు. ఎందుకంటే డిఫెన్స్ మీద నడిచే ఆటలో భారమంతా మోకాళ్ల మీదే పడుతుంది. లంజ్‌లో మోకాలు లోపలికి వాలుతోందా, మడమ ముందు ఆనుతోందా అని మీ పాప కోచ్‌ని చూడమనండి. తొడలకి, పిక్కలకి బలం వచ్చే ఎక్సర్‌సైజులు వారానికి రెండు మూడు సార్లు చేయించండి. నొప్పి ఉందని పాప చెబితే ఆ రోజు కోర్టు మాన్పించండి. నటిస్తోంది అనే మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు.

పదమూడేళ్లకి భుజంలో పవర్ లేకపోవడం నేను రోజూ చూసేదే. ఎదిగే కొద్దీ కొంత వస్తుంది, టైమింగ్ కుదిరితే ఇంకొంత వస్తుంది. కోర్టు మధ్యకి తిరిగి వచ్చే అలవాటు మాత్రం ఈ వయసులో పడకపోతే తర్వాత చాలా కష్టం. మీ పాపకి అది ఇప్పటికే ఉందంటున్నారు. డబుల్స్ కూడా ఆడనివ్వండి, సర్వీస్ రిటర్న్, నెట్ దగ్గర చురుకుదనం పెరుగుతాయి. సింగిల్స్ మాత్రం కనీసం ఇంకో రెండేళ్లు ఉంచండి.

ఈలోగా హాంగ్‌జౌ ఫైనల్ పాపతో కలిసి చూడండి. స్కోరు, షటిల్ వదిలేసి, చెన్ యుఫీ కొట్టే ముందు ఆన్ ఎక్కడ నిలబడి ఉందో ప్రతి ర్యాలీలో గమనించమనండి. రెండో గేమ్ 17-21తో ఆన్ ఓడిపోయింది, దాన్ని దాటేయకుండా అదీ చూపించండి.