కాల్గరీలో మొదటి ఉద్యోగం: ఆఫర్ లెటర్‌లో ఏ హోదా రాయించుకోవాలి?

తమ్ముడూ, మెకానికల్ డిజైన్ పని దొరికిందన్నావు, సంతోషం. హోదా ఏం రాయమంటావో నువ్వే చెప్పమన్నారంటే అదృష్టమే, మాకెవరూ అలా అడగలేదు. కానీ "పేరు ఏదైతేనేం అక్కా, పని దొరికింది కదా" అన్నావు చూడు, అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది. వచ్చిన కొత్తలో నేనూ అలాగే అనుకుని ఏళ్ల తరబడి జీతంలో నష్టపోయాను.

రూలు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. కాల్గరీ ఉన్న ఈ కెనడా రాష్ట్రం అల్బర్టాలో ఇంజనీర్లకు లైసెన్సు ఇచ్చే సంస్థ అపెగా. దాని దగ్గర రిజిస్టరై పి.ఇంజ్. (ప్రొఫెషనల్ ఇంజనీర్ లైసెన్సు) వచ్చేదాకా 'మెకానికల్ ఇంజనీర్' అని కార్డు మీద గానీ లింక్డ్‌ఇన్‌లో గానీ పెట్టుకోకూడదు. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకు 2023 చివర్లో మినహాయింపు ఇచ్చారు, అది మనకు వర్తించదు. మిగతాది అపెగా సైట్‌లో ఉంది, చదువుకో.

నేను విశాఖలో పైపింగ్ డిజైన్ చేసి వచ్చాను. ఇక్కడ మొదటి ఆఫర్ 'డ్రాఫ్టింగ్ టెక్నీషియన్' అని వచ్చింది. చలికాలం, బేస్‌మెంట్ అద్దె, ఇండియాలో లోను ఈఎంఐ. మారు మాట్లాడకుండా సంతకం పెట్టేశాను. తీరా చేరాక చూస్తే పని వేరు. ప్రెషర్‌కు పైపు గోడ ఎంత మందం ఉండాలి, సపోర్టుకూ సపోర్టుకూ ఎంత దూరం, వేడికి లైను ఎంత సాగుతుంది, ఆ సాగుదలను తట్టుకునేలా పైపును వంచి తిప్పే లూప్ ఎక్కడ పెట్టాలి, అన్నీ నేనే లెక్క కట్టేదాన్ని. జీతం మాత్రం టెక్నీషియన్ గ్రేడులోనే. ఏటా పెంచే శాతం కూడా ఆ తక్కువ మొత్తం మీదే. కంపెనీ మారదామని వెళితే ఇంటర్వ్యూలో నా హోదా చూసి "మీకు డిజైన్ అనుభవం ఉందా?" అని అడిగారు. పాత మేనేజర్ చేత నేను చేసిన పనులన్నీ వరుసగా రాయించి తెచ్చాకే నమ్మారు. అప్పటికీ కొత్త జీతం పాతదాని మీద కొంచెం కలిపి ఇచ్చారు, అంతే. మొదటి సంతకం దగ్గర పోయిన డబ్బు తర్వాత ఎంత కష్టపడినా వెనక్కి రాదు. ఈ రోజు నాకు పి.ఇంజ్. ఉంది, నా స్టాంపు మీద డ్రాయింగులు బయటికి వెళ్తాయి, సొంత ఇల్లూ ఉంది. ఆ మొదటి కొన్నేళ్ల జీతం సరిగ్గా వచ్చి ఉంటే ఇవన్నీ ఇంకా ముందే అయ్యేవి.

అందుకే చెప్తున్నా, 'టెక్నీషియన్' అన్న మాట ఒప్పుకోకు. ముందు అపెగాలో, లైసెన్సుకు ముందు మెట్టయిన ఇంజనీర్-ఇన్-ట్రైనింగ్‌గా నమోదు చేసుకో. అది రాగానే ఇ.ఐ.టి. అని ధైర్యంగా రాసుకోవచ్చు. అప్పటిదాకా 'మెకానికల్ డిజైనర్' అని రాయించుకో. అయితే ఈ ఊళ్లో డిజైనర్ అంటే త్రీడీ మోడల్ గీసేవాళ్లనే చాలామంది అనుకుంటారు, కాబట్టి కింద నీ పనుల జాబితా కూడా రాయించు: లెక్కలు, స్పెసిఫికేషన్లు, వెండర్ డ్రాయింగుల తనిఖీ. రేపు పీఆర్‌కు (శాశ్వత నివాసానికి) అప్లై చేస్తే ఇమిగ్రేషన్ వాళ్లు చూసేది హోదా కాదు, ఈ పనులే. ఆ కంపెనీలో పి.ఇంజ్. ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని కూడా అడుగు. లైసెన్సుకు కావాల్సిన నాలుగేళ్ల అనుభవాన్ని రేపు ధ్రువీకరించాల్సింది అలాంటివాళ్లే.

ఇక జీతం. కెనడా ప్రభుత్వ జాబ్ బ్యాంక్ సైట్‌లో 21301 అనే వృత్తి కోడ్ కొడితే మెకానికల్ ఇంజనీర్ల వేతనాలు, 22301 అని కొడితే టెక్నాలజిస్టులు, టెక్నీషియన్లవి అల్బర్టాకు విడిగా కనిపిస్తాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూడు, నా బాధ నీకే అర్థమవుతుంది. మీ వయసువాళ్లు జీతం అడగడానికి మొహమాటపడతారు, ఇక్కడ దాన్నెవరూ తప్పు పట్టరు. ఇ.ఐ.టి. వచ్చిన రోజు హోదా, జీతం రెండూ మళ్లీ చూస్తామని ఒక్క లైను ఆఫర్ లెటర్‌లోనే పెట్టమను. ఫోన్‌లో సరే అంటే సరిపోదు, ఈమెయిల్‌లో అడుగు, జవాబు వచ్చేదాకా సంతకం పెట్టకు.