ముందు ఆ సాండ్ పేపర్ పక్కన పెట్టండి

పాత చెక్క సామాను బాగుచేసుకోవడం గురించి ఈసారి మీరు పంపిన ప్రశ్నల్లో చాలావరకు "ఎన్నో నంబరు సాండ్ పేపర్ కొనాలి" అనే మొదలయ్యాయి. ఆ దురద నాకూ ఉండేది. మా నాన్న రాసుకునే టేకు బల్లని ఒక ఆదివారం పూట బాగా గరుకుగా ఉండే 60 నంబరు కాగితంతో అడ్డదిడ్డంగా రుద్దేశాను. అప్పటికి బాగానే కనిపించింది గానీ, పాలిష్ తడి తగిలేసరికి ప్రతి గీతా పిల్లి రక్కినట్టు పైకి తేలింది. ఆ బల్ల మీద ఇప్పటికీ టేబుల్ క్లాత్ తియ్యం. సరే, ప్రశ్నల్లోకి వెళ్దాం.

మా తాతగారి పడక కుర్చీ టేకుది, పేము అల్లిక. 1940ల నాటిదని ఇంట్లో అంటారు. చేతులు నల్లగా జిడ్డు పట్టాయి, వెనక కాలు ఒకటి ఊగుతోంది, అల్లిక కిందికి జారింది. మేస్త్రీ మొత్తం చిత్రిక పట్టి మెలమైన్ పాలిష్ కొడతానంటున్నాడు. ఇంట్లో మేమే చేసుకోలేమా? (పాలకొల్లు నుంచి)

చేసుకోవచ్చండీ, పైగా మేస్త్రీ చెప్పినదాంట్లో సగం పని అక్కర్లేదు. చిత్రిక అసలే వద్దు. ఎనభై ఏళ్ళకి టేకు మీద వచ్చిన ఆ తేనె రంగు పైపొరలోనే ఉంటుంది, చిత్రిక పడితే అది కాస్తా పొట్టులో పోయి కింద నుంచి కొత్త చెక్క రంగు బయటపడుతుంది.

ముందు దాని మీదున్న పాలిష్ ఏమిటో తేల్చుకోండి. కుర్చీ అడుగున, ఎవరికీ కనపడని చోట, పాలిష్ పనికి వాడే స్పిరిట్‌లో దూది ముంచి ఒక నిమిషం అదిమి పెట్టండి. దూదికి గోధుమ రంగు అంటి, వేలికి జిగటగా తగిలితే అది లక్క పాలిష్. ఆ కాలం కుర్చీలకి ఎక్కువగా అదే ఉంటుంది. స్పిరిట్‌కి ఏమీ కాకుండా థిన్నర్‌కి కరిగితే ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) లాకర్ అనుకోవచ్చు. రెండింటికీ చలించలేదంటే ఈమధ్య ఎవరో పీయూ (పాలీయురేథేన్) లాంటి గట్టి పూత వేయించారన్నమాట, అప్పుడు కథ వేరు.

లక్కే అని తేలితే మీ అదృష్టం. చేతుల మీది నలుపు చాలావరకు చెక్కది కాదు, అన్నేళ్ళ చెమట, తలనూనె, దుమ్ము కలిసి లక్కలో ఇంకిన జిడ్డు. టర్పెంటైన్‌తో తడిపిన నూలు గుడ్డతో తుడవండి, గుడ్డ నల్లబడగానే మార్చండి. రెండు మూడు గుడ్డలు పోయాక అడుగున చెక్క గీతలు కనిపిస్తాయి, ఆ క్షణం కోసమే నేను ఈ పనులు చేస్తాను. ఆ తర్వాత సబ్బు నీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఇంకోసారి. అంతే, నీళ్ళు పొయ్యకండి.

కాలు ఊగుతోందని మేకు మాత్రం దిగ్గొట్టకండి. ఎండిన టేకు మేకు దెబ్బకి చీలుతుంది, చీలకపోయినా మేకు తుప్పు పట్టి చుట్టూ నల్లమచ్చ వేస్తుంది. ఫెవికాల్ మార్కెట్లోకి వచ్చిందే 1959లో, కాబట్టి మీ కుర్చీ నిజంగా 1940ల నాటిదైతే, తర్వాత ఎవరూ చెయ్యి పెట్టకపోతే, లోపలున్నది పశువుల తోలు, ఎముకలు కాచి తీసిన జిగురు అయ్యుంటుంది. దానికి వేడి నీళ్ళంటే లొంగుబాటు. జాయింటు దగ్గర వేడి నీళ్ళ గుడ్డ పది నిమిషాలు చుట్టి ఉంచి, మెల్లగా కదిలిస్తే ఊడి వస్తుంది. లోపలి పాత జిగురంతా గీకెయ్యాలి, ఎందుకంటే ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు చెక్కలోకి ఇంకితేనే పట్టుకుంటుంది, పాత జిగురు మీద కాదు. బాగా ఆరనిచ్చి, కన్నం వదులుగా ఉంటే పలచని చెక్క చీలిక ఒకటి జిగురు రాసి పక్కన దోపండి, రంపపు పొట్టు ఫెవికాల్‌లో కలిపి కూరడం మాత్రం వద్దు, అది బరువు మోయదు. క్లాంపులు లేవా? నులక తాడు రెండు చుట్లు చుట్టి మధ్యలో ఒక కర్రపుల్ల దూర్చి మెలిపెట్టండి, తాడు కోసుకోకుండా కింద గుడ్డ వేయండి. జిగురు తడిగా ఉండగానే కుర్చీని సమంగా ఉన్న గచ్చు మీద నిలబెట్టి నాలుగు కాళ్ళూ ఆనాయో లేదో చూసుకోండి. రోజంతా కదపకండి.

పేము తెగకుండా జారిందంతే అయితే ఇంకా తేలిక. కుర్చీ తిరగేసి, అల్లికని అడుగు వైపు నుంచి వేడి నీళ్ళ గుడ్డతో బాగా తడిపి నీడలో ఆరబెట్టండి. ఆరేకొద్దీ బిగుసుకుంటుంది. ఆరేదాకా మనవల్ని ఎక్కనివ్వకండి.

ఇక పాలిష్. లక్క రేకులు 200 గ్రాములు లీటరు స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టి వడగట్టండి. పాత పంచె గుడ్డలో దూది ఉండ కట్టి, దాన్ని ముంచి, పిండి, చెక్క గీతల వెంట ఒకే ఊపున పోనివ్వండి. వెళ్ళిన దారిలో వెంటనే వెనక్కి రావద్దు, కింద పొర కరిగి చెయ్యి వెంట వచ్చేస్తుంది. లక్క స్పిరిట్‌కి కరగడమే ఇక్కడ లాభం, కొత్త లక్క పాతదాన్ని కొంచెం కరిగించి దాంట్లోనే కలిసిపోతుంది, అందుకే గీకే పని లేదు. పలచగా నాలుగైదు పూతలు, మధ్యలో గంట చొప్పున. ముసురు పట్టిన రోజున మాత్రం మొదలుపెట్టకండి, గాల్లో తేమ చేరి పాలిష్ తెల్లగా పాలిపోతుంది.

డైనింగ్ టేబుల్ మీద మా వారు వేడి ఇడ్లీ గిన్నె పెట్టారు, తెల్లటి వలయం పడింది. టూత్‌పేస్ట్ రుద్దమని అందరూ చెబుతున్నారు. చుట్టాలొచ్చే టైమ్, టెన్షన్‌గా ఉంది. (గుంటూరు నుంచి)

తెల్లగా ఉందంటే మీ వారు బతికిపోయారు. ఆవిరి పాలిష్ పొరలో చిక్కుకుంది, చెక్కదాకా వెళ్ళలేదు. హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో పెట్టి, దూరం నుంచి అటూ ఇటూ తిప్పుతూ కొన్ని నిమిషాలు చూడండి. తగ్గకపోతే రాత్రి వాజిలీన్ దట్టంగా రాసి పొద్దున తుడిచెయ్యండి. టూత్‌పేస్ట్‌లో ఉండేది సన్నటి గరుకు పొడి, మచ్చతో పాటు మెరుపూ పోతుంది, తర్వాత ఆ మసక వలయం చూసి మళ్ళీ నాకే రాస్తారు. అదే నల్లమచ్చ అయితే నీళ్ళు, ఇనుము కలిసి చెక్కలోకే దిగినట్టు. అది ఇంత సులువుగా పోదు, ఆక్సాలిక్ యాసిడ్ వాడాలి. అది విషం కనుక పిల్లలున్న ఇంట్లో చేతకాని ప్రయోగాలు వద్దు.

బీరువా సొరుగు ఇరుక్కుపోయింది, లాగితే పిడి ఊడి చేతికొచ్చింది. వడ్రంగిని పిలిచి అంచు చెక్కించమంటారా? (విశాఖపట్నం నుంచి)

వానాకాలంలో చెక్కించకండి. చెక్క తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, పొడవులో దాదాపు మారదు. ఇప్పుడు సరిపోయేలా చెక్కిస్తే ఏప్రిల్ వచ్చేసరికి సొరుగు లొడలొడలాడుతుంది. పై సొరుగు తీసి లోపల చెయ్యి పెట్టి కిందిదాన్ని తోసి బయటికి తీయండి, జారే అంచుల మీద కొవ్వొత్తి రుద్దండి. వేసవిలోనూ ఇరుక్కుంటే అప్పుడు చిత్రిక.

పందిరి మంచం కాళ్ళ కింద రోజూ పిండిలా రాలుతోంది. మట్టి గీతలు లేవు, గుండ్రటి కన్నాలున్నాయి. చెదలా? (నల్లగొండ నుంచి)

మట్టి గీతలు లేవన్నారు, గుండుసూది తల అంత గుండ్రటి కన్నాలున్నాయన్నారు, కాబట్టి చెద కాదు, చెక్కని తొలిచే పురుగు. ఇది తెల్లచెక్కని, అంటే మాను బయటి వైపు మెత్తటి భాగాన్ని ఇష్టపడుతుంది, టేకు చేవ (లోపలి గట్టి భాగం) జోలికి వెళ్ళడం అరుదు. అంటే మీ మంచం చేసినవాళ్ళు కాళ్ళకి చేవ లేని ముక్క కలిపారన్నమాట, ఇన్నేళ్ళకి బయటపడింది. పొడి ఊడ్చేసి కింద నల్ల కాగితం పరిచి వారం చూడండి. మళ్ళీ రాలితే పురుగు బతికే ఉంది. మంచం ఆరుబయటికి తెచ్చి, చెక్క పురుగుల మందు సిరంజితో ఒక్కో కన్నంలోకి ఎక్కించి, ప్లాస్టిక్ కవరు చుట్టి కొన్ని రోజులు వదిలెయ్యండి. గ్లౌజులు వేసుకోండి, వాసన పూర్తిగా పోయేదాకా దాని మీద పడుకోవద్దు. తర్వాత కన్నాలన్నీ మైనంతో మూసెయ్యండి. వచ్చే ఏడు కొత్త కన్నం కనిపిస్తే దొంగ ఇంకా ఇంట్లోనే ఉన్నట్టు.

ఆన్‌లైన్‌లో కొన్న టీవీ యూనిట్ అడుగు ఇల్లు తుడిచిన నీళ్ళకి ఉబ్బిపోయింది. సాండింగ్ చేసి పెయింట్ వేయొచ్చా? (హైదరాబాద్ నుంచి)

లేదండీ. అది చెక్క పొట్టు జిగురుతో అదిమిన అట్ట, ఒకసారి ఉబ్బితే మళ్ళీ అణగదు. అడుగు ముక్క కోసేసి కింద నాలుగు స్టీలు కాళ్ళు బిగించుకోండి.

మా అమ్మాయి పురుటికి వస్తోంది, ఇంకా మూడు నెలలుంది. మా పిల్లలు ఊగిన చెక్క ఉయ్యాల అటక మీద ఉంది, ఎర్రరంగు పెచ్చులు లేస్తోంది. గీకి కొత్త రంగు వేద్దామని. (రాజమండ్రి నుంచి)

ఆగండి, ఇది మాత్రం తొందరపడే పని కాదు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. మీ ఉయ్యాల రంగు అంతకంటే చాలా పాతది, అందులో సీసం ఉందనుకునే పని చెయ్యండి. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది, మంట పెట్టి కాలిస్తే పొగలో వస్తుంది. పసివాళ్ళు అంచులు చీకుతారు, కడుపుతో ఉన్నవాళ్ళకి ఆ దుమ్ము ఇంకా చేటు. కాబట్టి అమ్మాయి రాకముందే, పెరట్లో కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, మాస్కు, గ్లౌజులు వేసుకుని, పెయింట్ రిమూవర్ రాసి, రంగు మెత్తబడ్డాక తడిగానే గీకండి. పెచ్చులన్నీ సంచిలో మూట కట్టెయ్యండి, ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి, ఆ బట్టలు విడిగా ఉతకండి. చెక్కడపు సందుల్లో రంగు మిగిలిపోతే ఆ ఉయ్యాలని బారసాల ఫొటోకి పెట్టుకోండి గానీ బిడ్డని పడుకోబెట్టొద్దు.

పూర్తిగా శుభ్రమైతే మళ్ళీ ఎనామిల్ ఎందుకు, లక్కే వేయండి, రంగు కలపని ఉత్త లక్క. మాత్రల పైపూతకి కూడా వాడే పదార్థం అది. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేదీ లక్కే, అక్కడ తిరుగుతున్న అంకుడు కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది, మీరు స్పిరిట్‌లో కరిగించి పూస్తారు, అంతే తేడా. ఆఖరి పూత తర్వాత రెండు వారాలు గాలికి ఉంచండి. గొలుసులు, కొక్కేలు మాత్రం పాతవి వాడొద్దు, కొత్తవి బిగించి, ఇరవై కిలోల బియ్యం బస్తా వేసి ఒక రాత్రంతా వేలాడదీసి చూడండి.