సెకండ్ హ్యాండ్ ఎయిర్ రైఫిల్ కొనే ముందు సిలిండర్ తేదీ చూడు

తమ్ముడూ, 50 మీటర్ల షూటింగ్ కోసం పాత పాయింట్ టూ టూ రైఫిల్ (బుల్లెట్లు పేల్చే అసలు తుపాకీ) కొనాలా అని అడిగావు. ఇప్పుడే వద్దు. దానికి లైసెన్స్ తప్పనిసరి. లైసెన్స్ చేతికి రాకుండా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకు. ముందు గాలి ఒత్తిడితో పేలే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టు. మన షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది అందులోనే.

పాత ఎయిర్ రైఫిల్ తీసుకుంటే మొదట గాలి సిలిండర్ మీద చెక్కిన తయారీ తేదీ చూడు. పదేళ్లు దాటితే, పైకి ఎంత మెరుస్తున్నా సరే, మార్చాల్సిందే. నేను అది చూడకుండా కొని, కొత్త సిలిండర్‌కు మళ్లీ డబ్బు పెట్టాను. సిలిండర్ నింపి ఒక రాత్రి ఉంచమను. తెల్లారేసరికి గేజ్ ముల్లు బాగా దిగిందంటే లీక్ ఉన్నట్టే. భుజానికి ఆనించి, బట్ (భుజానికి ఆనే వెనుక భాగం) నీ కొలతకు సర్దుకుంటుందో లేదో కూడా చూసుకో.

ఇంకోటి, మన తిరుపతి ఎండల్లో నింపిన సిలిండర్‌ను కారులో వదిలేయకు.