గూగుల్ మ్యాప్స్ ఉండగా జీఐఎస్ చదువెందుకు?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ (మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్) చివరి సంవత్సరం. అందరూ ఎంసీఏ చేయమంటుంటే తను జీఐఎస్ (మ్యాపులకు సమాచారం జోడించి విశ్లేషించే భౌగోళిక సమాచార వ్యవస్థ) అంటోంది. ఫోన్‌లోనే మ్యాపులున్న రోజుల్లో ఆ చదువుకు ఉద్యోగాలొస్తాయా? – ఒక తండ్రి, సూర్యాపేట

జవాబు: మ్యాపులు గీయడం వరకే అయితే మీ టెన్షన్ సబబేనండీ. శాటిలైట్ చిత్రం మీద రోడ్లు, ఇళ్ల గీతలు దిద్దే డిజిటైజేషన్ పని హైదరాబాద్‌లో దొరుకుతుంది. కానీ జీతం తక్కువ, టార్గెట్లు ఎక్కువ. అసలు జీఐఎస్ ఆ గీతలు అయ్యాకే మొదలవుతుంది.

ఒక చెరువునే తీసుకోండి. దాని ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే మట్టం) హద్దు ఒక పొర, సర్వే నంబర్లు ఇంకో పొర, గుర్తించిన కట్టడాలు మరో పొర. మూడూ ఒకదాని మీద ఒకటి పరిచి, హద్దు లోపల పడ్డ కట్టడాలు ఏ సర్వే నంబర్లలో ఉన్నాయని అడిగితే, విస్తీర్ణంతో సహా జాబితా వచ్చేస్తుంది. చెప్పడానికి ఇంతే. అయితే పాత టోపోషీట్లు (ప్రభుత్వ సర్వే మ్యాపులు) భూమి ఆకారానికి 'ఎవరెస్ట్' లెక్క వాడి గీసినవి. జీపీఎస్‌ది డబ్ల్యూజీఎస్-84 అనే వేరే లెక్క. మార్చకుండా కలిపేస్తే చెరువు పక్కకు జరిగి, ఎవరి పొలమో నీళ్లలో ఉన్నట్టు కనిపిస్తుంది! ఆ తేడా పసిగట్టే మనిషికే గిరాకీ. మ్యాథ్స్ చదివిన పిల్లకు ఇదేం కొరుకుడుపడని సంగతి కాదు.

ఇక వాడకం అంటారా, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాలు కొలిచిన సముద్రపు వేడినీ, నీటిలోని క్లోరోఫిల్‌నూ చూసి, చేపలు ఎక్కడ దొరకొచ్చో మత్స్యకారులకు చెబుతుంది. గ్రామాల్లో ఇళ్లకు ఆస్తి కార్డులిచ్చే స్వామిత్వ పథకం 2020లో డ్రోన్ సర్వేతోనే మొదలైంది. 2021లో కేంద్రం మ్యాపింగ్ నిబంధనలు సడలించడంతో ప్రైవేటు కంపెనీలకూ దారి సులువైంది. కరెంటు లైన్లు, టెలికాం, పంట బీమా అన్నింట్లోనూ ఈ పని ఉంది.

అలాగని ఎంసీఏ వదిలేయమని చెప్పను. జీఐఎస్‌తో పాటు పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష), ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ భాష) వచ్చినవాళ్లకే మంచి జీతాలు. కోడింగ్ అంటే మీ అమ్మాయికి విసుగైతే ఇటు రావడం వల్ల పెద్దగా లాభం లేదు. జీఐఎస్ వైపే వస్తానంటే, ఎంటెక్‌కు మామూలుగా బీఎస్సీ సరిపోదు కాబట్టి జీఐఎస్ నేర్పే ఎమ్మెస్సీ జియోఇన్ఫర్మాటిక్స్ వైపు చూడండి.

ముందు ఖర్చు లేకుండా రుచి చూడనివ్వండి. క్యూజీఐఎస్ ఉచిత సాఫ్ట్‌వేర్. ఇస్రోకు చెందిన డెహ్రాడూన్ ఐఐఆర్‌ఎస్ ఆన్‌లైన్‌లో ఉచిత కోర్సులు నడుపుతుంది. ఇస్రో 'భువన్' పోర్టల్లో మన ఊళ్ల చిత్రాలున్నాయి. మీ మండలంలోని చెరువులన్నీ గుర్తించి, ఏ ఊరికి ఏది దగ్గరో తేల్చే చిన్న ప్రాజెక్టు సొంతంగా చేయమనండి. రెండు నెలల తర్వాత కూడా ఆసక్తి ఉంటే అప్పుడు ఫీజు సంగతి.

ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్తే పైథాన్ నేర్పుతారా, పోయిన బ్యాచ్ పిల్లలు చేసిన ప్రాజెక్టులు చూపిస్తారా అని అడగండి. 'ముందు జాయిన్ అవ్వండి సార్, అన్నీ ఉంటాయి' అన్నారో, లేచి వచ్చేయండి.