పొగ చూసి తీర్పు చెప్పకండి, బోరు కొలవండి

ప్రశ్న: మేస్త్రీ గారూ, నాది పాత డీజిల్ పికప్. నాలుగు సిలిండర్లు, పాతరకం పంపు, టర్బో లేదు. మూడు లక్షల కిలోమీటర్లు దాటింది. లోడు మీద ఎత్తు ఎక్కుతుంటే నీలం పొగ వస్తోంది, ఆయిల్ బాగా తాగుతోంది. డిప్‌స్టిక్ తీస్తే ఆ గొట్టంలోంచి కూడా పొగే. పిస్టన్ రింగులు మారిస్తే చాలని ఒకరు, సిలిండర్లకు బోరు వేయించాల్సిందేనని ఇంకొకరు అంటున్నారు. పానాలున్నాయి, షెడ్డుంది, ఓపికుంది. ఇంట్లో ఎంతవరకు చేసుకోవచ్చు?

జవాబు: మీకు సలహా ఇచ్చిన ఇద్దరిలో ఒక్కరైనా బోరులో, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ గొట్టంలో, గేజ్ పెట్టి చూశారా? లేదు కదా. అయితే ఇద్దరి మాటా పక్కన పెట్టండి.

ముందు ఎయిర్ ఫిల్టర్, ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టం చూడండి. బ్రీదర్ మూసుకుపోతే మంచి ఇంజిన్ కూడా సీళ్లలోంచి ఆయిల్ కక్కుతుంది. రాత్రంతా నిలిపిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే కాస్త నీలం పొగ వదిలి ఊరుకుంటే అది వాల్వ్ సీళ్ల పని. మీరు చెప్పినట్టు లోడు మీద పొగ, దానికి తోడు బ్యాక్ కంప్రెషన్ (సిలిండర్లోని గాలి కిందికి జారి డిప్‌స్టిక్ గొట్టంలోంచి పొగగా రావడం) ఉంటే అనుమానం రింగుల మీదికి, బోరు మీదికి పోతుంది. ఇంకా అనుమానమే సుమా.

కంప్రెషన్ కొలవడానికి డీజిల్ గేజే వాడండి. పెట్రోల్ గేజ్ మామూలుగా 300 పీఎస్ఐ దగ్గర ఆగిపోతుంది; బాగున్న డీజిల్ ఇంజిన్ చాలావాటిలో 400 చుట్టుపక్కల చూపిస్తుంది. నాలుగింటిలో ఒక్కటే పడిపోతే వాల్వో, గ్యాస్కెట్టో, విరిగిన రింగో. నాలుగూ కలిసి తగ్గితే అరుగుదల. పెట్రోల్ బండికి సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు, డీజిల్‌కు ఆ పని చేయొద్దు. పిస్టన్ పైకొచ్చినప్పుడు మిగిలే ఖాళీ చాలా చిన్నది. ఆయిల్ ఎక్కువైతే అది నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది.

దానికి బదులు కంప్రెషన్ స్ట్రోక్‌లో పిస్టన్‌ను పూర్తిగా పైకి తెచ్చి, ఇంజెక్టర్ కన్నంలోంచి కంప్రెసర్ గాలి పెట్టండి. గాలి పెట్టేముందు క్రాంక్ నట్టు మీద పానా తీసేయండి, ఇంజిన్ గిర్రున తిరిగిందంటే చెయ్యి పోతుంది. ఇక వినండి. ఆయిల్ మూత దగ్గర బుస్సుమంటే రింగులు. సైలెన్సర్లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్. ఎయిర్ ఫిల్టర్ వైపైతే ఇన్‌లెట్ వాల్వ్. రేడియేటర్లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్ లేదా హెడ్ పగులు. వాల్వుల తప్పే అని తేలితే హెడ్ ఒక్కటి దించి వాల్వులు రుద్దుకోవచ్చు, పిస్టన్ల జోలికి పోనక్కర్లేదు.

రింగులని తేలితే కూలెంట్ వంచి, బ్యాటరీ తీసి, పైన హెడ్డూ, కింద ఆయిల్ ఛాంబరూ విప్పండి. బండి జాకీ మీద కాదు, స్టాండ్ల మీద ఉండాలి. బోరు పైఅంచు కింద గోరు పెట్టి లాగండి. గోరు మెట్టుకు తగులుతుందా? పై రింగు ఆగి వెనక్కి మళ్లే చోటు అది. అక్కడ వేడి ఎక్కువ, మంట ఒత్తిడికి రింగు గోడను గట్టిగా అదుముతుంది, పైగా రింగు ఒక్క క్షణం నిలవడంతో ఆయిల్ పొర తెగుతుంది. అందుకే బోరు పైన ఎక్కువ, కింద తక్కువ అరుగుతుంది. మెట్టు తీయకుండా కొత్త రింగు వేస్తే దానికి కొట్టుకుని విరుగుతుంది.

బోర్ గేజ్ లేకపోయినా ఫిల్లర్ గేజ్‌తో (సందులు కొలిచే సన్నటి రేకులు) అంచనా దొరుకుతుంది. ఒక రింగును బోరులో దించి, తలకిందులు చేసిన పిస్టన్‌తో నెట్టి సమంగా కూర్చోబెట్టండి. మెట్టు కిందే ఒకసారి, రింగు పోని అడుగు భాగంలో ఒకసారి రింగు రెండు మూతుల మధ్య సందు కొలవండి. పైన 0.80, కింద 0.40 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. తేడా 0.40. దాన్ని 3.14తో భాగిస్తే 0.13. బోరు వ్యాసం పైన అంత పెరిగిందన్నమాట. బోరు కోడిగుడ్డులా అరిగితే మాత్రం ఈ పద్ధతికి చిక్కదు, దానికి బోర్ గేజే కావాలి.

మాన్యువల్ ఇచ్చిన హద్దే హద్దు. నా మటుకు నేను 0.10 దాటిన బోరులో ఉత్త రింగులు వేయను. వేస్తే కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ ఇదే పొగ. హద్దు దాటితే బ్లాకు లేత్ షాపుకి పోవాల్సిందే, అది ఇంట్లో అయ్యే పని కాదు. దాటకపోతే మెట్టు తీసి, హోనింగ్ చేసి, అంటే బోరు గోడను సానరాళ్లతో రుద్ది, రింగులు వేసుకోండి. గీతలు అడ్డదిడ్డంగా కత్తెర వేసినట్టు పడాలి. తర్వాత బోరును సబ్బూ వేడినీళ్లతో కడగండి. డీజిల్‌తో కడిగితే రాతిపొడి గీతల్లోనే ఉండిపోయి కొత్త రింగుల్ని తినేస్తుంది. తెల్లగుడ్డతో తుడిస్తే మరక అంటకూడదు. వెంటనే ఆయిల్ పూయండి, లేదంటే తుప్పు పడుతుంది. కనెక్టింగ్ రాడ్డు కింది కొసన ఉండే బిగ్ ఎండ్ క్యాపులు ఏ రాడ్డువి ఆ రాడ్డుకే, విప్పేముందే గుర్తులు కొట్టుకోండి.

ప్రశ్న: బ్యాక్ కంప్రెషన్ ఉన్నా చిక్కటి ఆయిల్ పోసి నడుపుకోవచ్చా?

జవాబు: మోత తగ్గుతుంది, అరిగిన లోహం తిరిగి రాదు. డీజిల్‌కైతే ఇంకో భయం ఉంది. బ్రీదర్ గొట్టం ఇన్‌టేక్‌కు కలిపి ఉంటే ఇంజిన్ తన ఆయిల్‌నే పీల్చి కాలుస్తూ రేజైపోతుంది, తాళం తిప్పినా ఆగదు. అప్పుడు ఇన్‌టేక్ మూతిని చెక్కతో మూసేయాలి, అరచేత్తో కాదు. గేర్ల బండైతే టాప్ గేర్లో వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ వదిలి ఆపేయొచ్చు.

ప్రశ్న: ఇంజిన్లో టకటక ఏ సిలిండర్‌దో తెలుసుకోవడానికి ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేయొచ్చా?

జవాబు: పాతరకం పంపుకైతే కళ్లద్దాలు పెట్టుకుని, గుడ్డ చుట్టి, ఒక్కొక్కటే కొంచెం వదిలి చూడండి. మోత తగ్గిన సిలిండరే దొంగ. మీది కామన్ రైల్ బండైతే (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే పైపులోంచి డీజిల్ పోయే కొత్తరకం) ఇంజిన్ నడుస్తుండగా ఆ నట్టు ముట్టొద్దు. అందులో ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది, డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. దూరితే పైకి చిన్న చుక్కలాగే ఉంటుంది, నొప్పి లేదని ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.