బాక్స్ విప్పాలా వద్దా అనే ముందు, సెల్స్ తీశారా?

సినిమా బొమ్మలూ పాత ఎలక్ట్రానిక్ గేములూ పోగేయడం కొత్తగా మొదలుపెట్టాను, వాటిని బయటికి తీసి ఆడుకోవచ్చా, లేక విప్పకుండా దాచాలా అని అడిగారు. ఆడుకోండి. నా దగ్గర ఇప్పటిదాకా పాడైనవాటిలో చాలావరకు ఆడి పాడుచేసినవి కావు, భద్రంగా దాచి పాడుచేసినవే.

నా మొదటి గేమ్ బాయ్ సంగతి చెప్తాను. చేతిలో పట్టుకుని ఆడే నింటెండో గేమ్, 1989లో వచ్చిన ఆ బూడిద రంగు ఇటుక. దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, టేపు కూడా వేసి అటకెక్కించాను. చాలా ఏళ్ల తర్వాత దించి చూస్తే పైన ఒక్క గీత లేదు, భలే దాచానే అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. వెనక మూత మాత్రం రావడం లేదు. గోరు పెట్టి గట్టిగా లాగితే తెల్లటి పొడి రాలింది. నాలుగు పెన్సిల్ సెల్స్ లోపలే ఉండిపోయాయి, కారాయి, స్ప్రింగులు ఆకుపచ్చగా పూశాయి, అందులో ఒకటి ముట్టుకోగానే విరిగి చేతికొచ్చింది. ఆ గుడ్డా టేపూ దేన్ని కాపాడాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కాబట్టి ఈ జవాబు చదవడం ఆపి ముందు మీ దగ్గరున్న ప్రతి దాని వెనక మూతా తీసి చూడండి. గేమ్ మాత్రమే కాదు, నొక్కితే డైలాగ్ చెప్పే బొమ్మలు, వెలిగే కత్తులు, అన్నీ. సెల్ కారి ఉంటే అందరూ యాసిడ్ అంటారు గానీ, ఆల్కలైన్ సెల్ నుంచి వచ్చేది యాసిడ్‌కి వ్యతిరేకం, పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం. అందుకే దాని మీద తెల్ల వెనిగర్ పనిచేస్తుంది. కాటన్ బడ్‌ని వెనిగర్‌లో కొంచెమే తడిపి (ముంచి కారేట్టు కాదు) ఆ పూత మీద రుద్దితే సన్నగా నురగ వస్తుంది, నురగ ఆగేదాకా చేసి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. చేతికి గ్లోవ్స్ వేసుకోండి, ఆ పొడి కంట్లో పడితే ప్రమాదం. నా గేమ్ బాయ్‌కి స్ప్రింగులు కొత్తవి సోల్డర్ చేశాక బతికింది.

పాత గేమ్ క్యాసెట్లలో కూడా ఇలాంటిదే ఒకటి దాక్కుని ఉంటుంది, కొత్తవాళ్లకు తెలియదు. ఆట సేవ్ చేసుకునే వీలున్న క్యాసెట్లు చాలావాటిలో లోపల నాణెంలాంటి లిథియం సెల్ ఒకటి బోర్డుకి అతికించి ఉంటుంది. అది అయిపోతే ఆట నడుస్తుంది గానీ సేవ్ నిలవదు. మార్చొచ్చు, కాకపోతే సెల్ ఊడదీసిన క్షణంలో పాత సేవ్ పోతుంది. చిన్నప్పటి ఆట అలాగే ఉంచుకోవాలనుకుంటే ముందే దాన్ని కంప్యూటర్‌లోకి కాపీ చేసే పరికరం సంపాదించండి. నేను ముందు సెల్ ఊడదీసి, ఆ తర్వాత ఈ విషయం చదివాను.

ఇక బొమ్మలు. మెత్తటి రబ్బరులా ఉండే బొమ్మలు ఎక్కువగా పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేసినవి, వాటిని మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ పైకి ఊరుతుంది, అందుకే జిగురుగా తగులుతాయి. గాలి ఆడని కవర్‌లో వేడి చోట పెడితే ఇంకా త్వరగా ఊరుతుంది. నేనొక బొమ్మని చోటు కలిసొస్తుందని ఒక గేమ్ మీద పడుకోబెట్టి సర్దాను. తీసేసరికి ఆ గేమ్ ప్లాస్టిక్ మూత మీద బొమ్మ అరచెయ్యి అచ్చు, వేళ్లతో సహా, కరిగిపోయి ఉంది. రుద్దినా పోదు, ఇప్పుడది ఆ గేమ్‌కి గుర్తు. జిగురు పట్టిన బొమ్మని గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి కడిగి నీడన ఆరబెట్టండి. ఆల్కహాల్ మాత్రం వాడొద్దు, రంగు లేచిపోతుంది. మళ్లీ కొన్నాళ్లకి జిగురు రావచ్చు, అప్పుడు మళ్లీ కడగడమే.

ప్యాకింగ్ విప్పితే విలువ తగ్గుతుందా అంటే తగ్గుతుంది, అందులో అబద్ధం లేదు. అమ్మడానికే కొన్నవాళ్లు ఈ జవాబు పక్కన పెట్టేయండి. కానీ నాకు ఎప్పుడూ నవ్వొచ్చే విషయం ఒకటుంది. 1977లో మొదటి స్టార్ వార్స్ సినిమా వచ్చినప్పుడు బొమ్మలు తయారుచేసే కెన్నర్ కంపెనీకి క్రిస్మస్ నాటికి సరుకు సిద్ధం కాలేదు. అప్పుడు వాళ్లు బొమ్మలు లేని అట్ట కవర్ అమ్మారు, అందులో ఉన్న కాగితం పంపితే తర్వాతి ఏడాది నాలుగు బొమ్మలు పోస్టులో వస్తాయి. పిల్లలు ఆ అట్టని గోడకి ఆనించి బొమ్మల కోసం ఎదురుచూశారు. ఇప్పుడు పెద్దవాళ్లం బొమ్మ చేతిలో ఉన్నా అట్ట కోసం దాన్ని ముట్టుకోవడం లేదు.

నకిలీల గురించి కూడా ఒక మాట. ఆ వరుసలోనే జావా అనే చిన్న బొమ్మకి 1978లో మొదట వినైల్ అంగీ వేసి, త్వరలోనే గుడ్డ అంగీకి మార్చారు. దాంతో వినైల్ అంగీవి అరుదైపోయాయి, వేరే బొమ్మల అంగీలు కత్తిరించి దీనికి తొడిగి అమ్మేవాళ్లు తయారయ్యారు. ఇంత ఖరీదైనవాటి జోలికి కొత్తలో వెళ్లకండి. నేను అసలైందనుకుని ఇలాంటి అతుకుల బొమ్మ ఒకటి కొని మోసపోయాను, అమ్మినాయన తర్వాత పలకలేదు. ఇంకోటి, బొమ్మ కాలి మీద అచ్చయిన సంవత్సరం కాపీరైట్ సంవత్సరం, బొమ్మ తయారైన ఏడాది అదే కానక్కర్లేదు. చాలామంది అది చూసి పొరబడి ఎక్కువ పెడతారు.

పాత గేమ్ తెర ఖాళీగా ఉందని పారేయకండి. నింటెండో గేమ్ అండ్ వాచ్ లాంటి ఎల్‌సీడీ గేముల్లో (1980 నుంచి వచ్చాయి) బొమ్మలు కాలిక్యులేటర్ అంకెల్లాగే తెర మీద ముందే గీసి ఉంటాయి, ఏ గీత ఎప్పుడు నల్లబడాలో చిప్ చెప్తుంది. పైనున్న పోలరైజర్ ఫిల్మ్ (ఆ గీతలు నల్లగా కనపడేట్టు చేసే పల్చటి పొర) పాడైతే ఆట లోపల నడుస్తున్నా మీకేమీ కనపడదు. శబ్దం వస్తోందా, బటన్ నొక్కితే మారుతోందా వినండి. వస్తుంటే ఫిల్మ్ మార్చితే చాలు.

టీవీ మీద కాల్చే తుపాకీ గేములు కొనాలనుకుంటే మాత్రం ముందు పాత డబ్బా టీవీ ఉందో లేదో చూసుకోండి. నేను చూసుకోలేదు. కొత్త ఎల్‌ఈడీ టీవీ ముందు మోకాళ్ల మీద కూర్చుని గంటసేపు బాతుల్ని కాల్చాను, ఒక్కటీ పడలేదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి బాతు ఉన్న చోట తెల్ల పెట్టె మెరుస్తుంది, ఆ వెలుగు సరిగ్గా ఆ క్షణంలో తుపాకీ కంటికి తగలాలి. కొత్త టీవీలు బొమ్మ చూపించడంలో కొంచెం ఆలస్యం చేస్తాయి కాబట్టి లెక్క తప్పుతుంది.

ఏది కొనాలో తేల్చుకోలేకపోతే నా సలహా అందరూ తిట్టే గేముతో మొదలుపెట్టమని. 1982లో ఈ.టీ. సినిమా పేరుతో వచ్చిన అటారీ కంపెనీ గేమ్ క్యాసెట్‌ని సుమారు ఐదు వారాల్లో చేయించారు, అమ్ముడుపోని సరుకులో కొంత 1983లో అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో ఉన్న అలమొగోర్డోలో చెత్తకుప్పలో పూడ్చారు, 2014లో తవ్వి తీశారు కూడా. ఈ కథ విని నవ్వుకుంటూ కొన్నాను. మొదటి సాయంత్రం గుంటలో పడటం, పైకి రావడం, మళ్లీ అదే గుంటలో పడటం, అంతే. తర్వాత తీరిగ్గా మాన్యువల్ చదివితే తెర పైన కనిపించే గుర్తులు ఏం చెప్తున్నాయో తెలిసింది, మూడో రోజుకి పూర్తి చేశాను. అంత చెడ్డదేం కాదండీ.

సరే, మూతలు తీశారా? ఏమన్నా పచ్చగా కనిపిస్తే ఫొటో పెట్టండి, ఏం చేయాలో చెప్తాను.