రోజుకు రెండు గంటల ఉద్యోగం: శిరీషకు పెద్దమ్మ ఉత్తరం

చి॥ల॥సౌ॥ శిరీషకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఈ ఉద్యోగంలో ఉండాలా, మారాలా అని అడిగిన నీ మెసేజ్ చదివాను. ఇంటి నుంచే పని, రోజుకు మూడు నాలుగు టికెట్లు, అంటే క్లయింట్ల సాఫ్ట్‌వేర్ ఫిర్యాదులు, వాటికి రెండు గంటలు, మిగతా పొద్దంతా ఆఫీసు చాట్ యాప్ టీమ్స్‌లో 'పనిలో ఉన్నాను' అని చూపే పచ్చ లైటు ఆరిపోకుండా చూసుకోవడమే డ్యూటీ అంటున్నావు. భీమవరంలో సొంతిల్లు, పిల్లాడిని మీ అత్తగారు చూసుకుంటున్నారు, ఒకటో తారీఖుకి జీతం పడుతోంది. ఇందులో టెన్షన్ పడాల్సిందేముందని మీ ఆయన అన్నాడట. అతనన్నదీ తప్పు కాదు. పని తేలిగ్గా ఉందని సిగ్గుపడకు. ఆఫీసులో పన్నెండేసి గంటలు కూర్చుని కొత్తగా ఒక్క ముక్క నేర్చుకోనివాళ్లను నేను చాలామందిని చూశాను.

అసలు ఆ పని ఎందుకు తేలికైంది? అది చెప్పు ముందు. నీకు చెయ్యి తిరిగి, పూటంతా పట్టే పనిని కంప్యూటరే చేసేలా స్క్రిప్టు రాసి అరగంటలోకి తెచ్చుకుంటే ఆ తీరిక నీ సంపాదన. నిన్ను ఎవరూ ఏమీ అడగక తేలికైతే మాత్రం ఆలోచించాలి. 1998, 99ల్లో అమీర్‌పేటలో ఎక్కడ చూసినా కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష క్లాసులే. 2000 రాగానే పాత ప్రోగ్రాములు తేదీ తప్పు లెక్కేస్తాయన్న వైటూకే భయంతో వాటిని సరిచేసే పని అంత ఉండేది. 2000 వచ్చి ఆ గండం గడిచాక, కోబాల్ ఒక్కటే వచ్చినవాళ్లు మళ్లీ అదే అమీర్‌పేటలో జావా క్లాసులకు వచ్చి కూర్చున్నారు. వాళ్లకైనా కోబాల్ అంటే ఏమిటో బయట తెలుసు. తర్వాత మా టీమ్‌లో ఒకతను ఉండేవాడు. ఒక క్లయింటు సొంతంగా చేయించుకున్న సాఫ్ట్‌వేర్ మీదే ఏళ్లు గడిపాడు. అందులో అతనికి తెలియని మూల లేదు. క్లయింటు దాన్ని తీసేశాక, ఇంటర్వ్యూల్లో దాని పేరు విన్నవాళ్లే దొరకలేదు పాపం.

కిందటేడు ఈపాటికి నీకు రాని పని ఇప్పుడు ఏమొచ్చిందో కాగితం మీద రాసి చూడు. ఎలాగూ ఇంటర్వ్యూలో అడిగేది అదే. ఆ కాగితం పట్టుకుని రెండు మూడు ఇంటర్వ్యూలకు వెళ్లు, మారడానికి కాదు, బయట నీ రేటెంతో తెలియడానికి. ఆఫీసులో తెలిసిపోతుందని భయమైతే, ఉద్యోగాల సైటు నౌక్రీలో నీ ప్రొఫైల్ మీ కంపెనీకి కనపడకుండా పెట్టుకోవచ్చు.

జీతం లెక్క కూడా ఇంట్లో కూర్చుని వేసుకో. ఇప్పుడు చేతికి 55 వేలు వస్తోంది. హైదరాబాద్‌లో 80 వేలిస్తామన్నారనుకో. కొండాపూర్ వైపు డబుల్ బెడ్‌రూమ్‌కు 30 వేలు తీసెయ్యి, పిల్లాడి డేకేర్, ఆటోలు కూడా తీసెయ్యి. ఇప్పటికన్నా తక్కువే మిగులుతుంది. పైగా మీ ఆయన రొయ్యల చెరువులు వదిలి రాడు. కాబట్టి హైక్ కోసమైతే కదలొద్దంటాను. నేర్చుకునే పని దొరికితే అప్పుడు వేరే సంగతి.

అలాగని ఇంట్లోంచి పనిచేయడం శాశ్వతం అనుకోకు. ఆఫర్ లెటర్ తీసి బేస్ లొకేషన్, అంటే నీ ఆఫీసు ఊరు, ఏమని ఉందో చూడు. హైదరాబాద్ అని ఉంటే ఒక్క మెయిల్ చాలు, సర్దుకుని రమ్మంటారు. ఉండడమా మానడమా అన్నది పూర్తిగా నీ చేతిలో లేదు, అందుకే నీ వైపు నుంచి సిద్ధంగా ఉండమంటున్నాను.

నా మాటైతే, ఇంకో ఏడాది ఉండు. పిల్లాడు ఎల్‌కేజీలో పడతాడు. ఈలోగా పొద్దున్న రెండు గంటలు తలుపేసుకుని కూర్చో. క్లౌడ్ కోర్సా, డేటా కోర్సా అని నన్నడక్కు. నీ టికెట్లలో పదే పదే వచ్చేది ఏదో పట్టుకుని, దాన్ని మనిషి ముట్టుకోనక్కర్లేకుండా చెయ్యి. ఏ కోర్సు కావాలో అదే చెబుతుంది. మామూలు ఫిర్యాదులు చూసే ఎల్‌వన్ నుంచి చిక్కు సమస్యలు చూసే ఎల్‌త్రీకి మార్చమని మీ మేనేజర్‌ను మెయిల్‌లో అడుగు, నోటి మాటగా కాదు. 'చూద్దాం' అంటాడు. మాట పడకుండా టికెట్లు మూసే మనిషిని ఎవరు వదులుకుంటారు? అప్రైజల్‌లో మళ్లీ అడుగు.

ఖాళీ ఉంది కదా అని ఇంకో కంపెనీలో దొంగచాటుగా రెండో ఉద్యోగం మాత్రం వద్దు. ఒకే యూఏఎన్‌లో, అంటే నీ పీఎఫ్ నంబరులో, రెండు చోట్ల నుంచి పీఎఫ్ పడితే, రేపు కొత్త కంపెనీ చేసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఇట్టే బయటపడుతుంది.

నువ్వు చేరి నాలుగేళ్ల మూడు నెలలైంది. ఐదేళ్లు నిండితే, మానేటప్పుడు కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీ డబ్బు వస్తుంది. బేసిక్ 30 వేలైతే దాదాపు 86,500. ఒక్క దానికోసమే కూర్చోనక్కర్లేదు గానీ, ఉద్యోగం వెతకడానికి కొన్ని నెలలు, నోటీసు 90 రోజులు పోతే ఎలాగూ ఐదేళ్లకు దగ్గర పడతావు. నోటీసులో పనిచేసిన రోజులూ సర్వీసు కిందకే వస్తాయి. పీఎఫ్ డబ్బు తీసెయ్యకు, కొత్త ఖాతాకు బదిలీ చేయించు.

అన్నిటికన్నా నాకు మీ నాన్న సంగతే బెంగ. ఆయనకు షుగర్ ఉంది, ఇన్సూరెన్స్ నీ కంపెనీదే. నువ్వు మానేసిన రోజుతో అది పోతుంది. కొత్తగా సొంత పాలసీ తీసుకుంటే, ముందు నుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా క్లెయిము ఇవ్వకుండా వెయిటింగ్ పెట్టొచ్చు. అందుకని నువ్వు ఉన్నా, మానినా, ఆయన పేరున విడిగా ఒక పాలసీ ఈ నెలలోనే మొదలుపెట్టు. కాగితాలు సంతకం చేసేముందు ఫొటో తీసి పంపు, షరతులు చదివి ఫోన్ చేస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ